శాంతి చిహ్నం ముద్రించిన 1999 అమెరికా స్టాంపు: దాని చరిత్ర, మన ప్రదర్శన ఫ్రేములో దాని చోటు

ప్రశ్న: పెన్నాతీరం మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. మా బడి ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్బు పిల్లలు ఈసారి జిల్లా స్థాయి ప్రదర్శనకు ఒక ఫ్రేము, అంటే పదహారు పేజీలు, సిద్ధం చేస్తున్నారు. "శాంతి చిహ్నాలు" అన్న అంశాన్ని తొమ్మిదో తరగతి పిల్లలే చర్చించుకుని ఎంచుకున్నారు. ఇప్పటి వరకు మా దగ్గర చేరిన స్టాంపులలో ఎక్కువ భాగం పావురాలు, ఆలివ్ కొమ్మలు, ఐక్యరాజ్య సమితి ముద్ర, గాంధీజీ చిత్రాలు. వీటన్నిటి మధ్య ఒకటి మాత్రం విడిగా కనిపిస్తున్నది. అది 1999లో అమెరికా తపాలా శాఖ విడుదల చేసిన 33 సెంట్ల స్టాంపు. దాని మీద ఒక వృత్తం, ఆ వృత్తంలో నిలువు గీత, ఆ గీత మధ్య నుండి రెండు పక్కలకూ కిందికి వాలిన మరో రెండు గీతలు ఉన్నాయి. పిల్లలకు ఈ గుర్తు టీషర్టుల మీద, బ్యాగుల మీద చూసిన పరిచయమే తప్ప అది ఎక్కడ పుట్టిందో తెలియదు.

నేను పెద్దలను అడగదలచినవి మూడు విషయాలు. ఈ గుర్తును ఎవరు, ఏ సందర్భంలో గీశారు, అందులోని గీతలకు అర్థం ఏమిటి అన్నది మొదటిది. ఇది విరిగిన శిలువ అని, మతానికి వ్యతిరేకంగా పుట్టిన గుర్తు అని మా ఊళ్ళో ఒక పెద్దమనిషి గట్టిగా చెబుతున్నారు. ఆ మాటలో నిజం ఉంటే బడి పిల్లలతో దాన్ని ప్రదర్శింపజేయడానికి నేను వెనుకాడవలసి వస్తుంది. రెండవది పావురానికి సంబంధించినది: పావురం ఉన్న ప్రతి స్టాంపునూ శాంతి స్టాంపుగా లెక్కించవచ్చునా? మూడవది, అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది, మన దేశం గురించినది. అహింసను ఆయుధంగా చేసుకుని స్వాతంత్ర్యం సాధించుకున్న దేశానికి ఈ చిహ్నాల చరిత్రలో సొంత పేజీ ఒకటి ఉండాలి కదా, ఆ పేజీలో ఏ స్టాంపులు పెట్టాలి? పిల్లలు పేజీల మీద రాసే ప్రతి వాక్యానికీ ఆధారం ఉండాలన్నది నా పట్టుదల. దయచేసి నిశ్చయంగా తెలిసిన సంగతులే చెప్పగలరు.

సమాధానం: తపాలాప్రియ

మాస్టారికి నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. ఈ గుర్తు పుట్టుక విషయంలో పురాణాలు అల్లుకోవలసిన అవసరం ఏమీ లేదు, ఎందుకంటే గీసినవారి పేరు, తేదీ, మొదటిసారి వాడిన ఊరు అన్నీ నమోదై ఉన్నాయి; తొలి చిత్తు చిత్రాలు కూడా ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

గీసినవారు జెరాల్డ్ హోల్టమ్. ఆయన లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్న చిత్రకారుడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి అంగీకరించక, సైన్యంలో చేరకుండా నార్ఫోక్ ప్రాంతంలో ఒక పొలంలో పని చేసినవాడు. బ్రిటన్ 1957లో పసిఫిక్ మహాసముద్రంలో హైడ్రోజన్ బాంబు పరీక్షలు మొదలుపెట్టింది. ఆ పరీక్షలకు నిరసనగా 1958 ఈస్టర్ సెలవుల్లో లండన్ నగరంలోని ట్రఫాల్గర్ స్క్వేర్ నుండి అణ్వాయుధ పరిశోధన కేంద్రం ఉన్న ఆల్డర్‌మాస్టన్ వరకు సుమారు 83 కిలోమీటర్లు కాలినడకన వెళ్ళాలని డైరెక్ట్ యాక్షన్ కమిటీ అనే చిన్న సంఘం నిర్ణయించుకుంది. ఆ యాత్ర కోసం హోల్టమ్ ఈ గుర్తును తయారు చేసి 1958 ఫిబ్రవరి 21న కమిటీ ముందు పెట్టగా వారు అంగీకరించారు. ఏప్రిల్ 4 నుండి 7 వరకు నాలుగు రోజులు నడిచిన ఆ జనం చేతుల్లోనే లోకం దాన్ని మొదటిసారి చూసింది. అదే ఫిబ్రవరిలో ఏర్పడిన, తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ అధ్యక్షుడుగా ఉన్న అణు నిరాయుధీకరణ ప్రచార సంఘం ఆ తరువాత దాన్ని తన గుర్తుగా స్వీకరించింది. అందువల్ల చాలామంది ఆ రెండు సంఘాలనూ కలిపేసి రాస్తుంటారు; మీ పిల్లలు విడివిడిగా రాస్తే బాగుంటుంది.

ఇక గీతల అర్థం. ఓడల మీద, రేవుల్లో రెండు చేతులా రెండు జెండాలు పట్టుకుని ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క భంగిమలో నిలబడి కబురు పంపే పద్ధతిని సెమాఫోర్ అంటారు. అందులో రెండు చేతులూ కిందికి ఏటవాలుగా చాపితే "ఎన్" అక్షరం, ఒక చేయి నిటారుగా పైకి, రెండవది నిటారుగా కిందికి చాపితే "డి" అక్షరం. న్యూక్లియర్ డిసార్మమెంట్, అంటే అణు నిరాయుధీకరణ అన్న రెండు మాటల మొదటి అక్షరాలను ఒకదాని మీద ఒకటి ఉంచి, చుట్టూ వృత్తం గీస్తే ఈ చిహ్నం వస్తుంది. ఇందులో శిలువ ప్రసక్తి లేదు. విరిగిన శిలువ అన్న ప్రచారం, గుర్తు పుట్టిన చాలా ఏళ్ళ తరువాత, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే యువకుల చొక్కాల మీద అది కనిపిస్తున్న కాలంలో, వారిని నచ్చనివారు చేసినది. అమెరికాలో జాన్ బర్చ్ సొసైటీ అనే కమ్యూనిస్టు వ్యతిరేక సంస్థ 1970లో ఇటువంటి రాతలను బాగా వ్యాపింపజేసింది. వాస్తవం దానికి పూర్తిగా ఎదురు. ఆ మొదటి యాత్ర కోసం కర్రలకు బిగించిన అట్టగుర్తులు అయిదు వందలు తయారు చేశారు. వాటిలో సగం తెలుపు మీద నలుపు, సగం ఆకుపచ్చ మీద తెలుపు. గుడ్ ఫ్రైడే, శనివారాలలో నలుపువి, ఈస్టర్ ఆదివారం, సోమవారాలలో ఆకుపచ్చవి ఎత్తాలన్నది ఏర్పాటు. క్రైస్తవ ఆరాధనలో ఆ రోజుల్లో రంగులు మారినట్లే శిశిరం నుండి వసంతానికి, మరణం నుండి జీవానికి మారడం అందులోని భావం. మీ ఊరి పెద్దమనిషికి ఈ ఒక్క సంగతి చెబితే ఆయన సందేహం తీరుతుందని నా నమ్మకం.

హోల్టమ్ తన మనసులోని మాటను పీస్ న్యూస్ పత్రిక సంపాదకుడైన హ్యూ బ్రాక్‌కు తరువాత ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. తాను అప్పుడు తీవ్రమైన నిరాశలో ఉన్నానని, స్పెయిన్ చిత్రకారుడు గోయా చిత్రంలో తుపాకుల ఎదుట నిలబడిన రైతులా అరచేతులు బయటికి, కిందికి చాపిన తన బొమ్మనే గీసుకుని, దాన్ని గీతలుగా కుదించి చుట్టూ వృత్తం గీశానని దాని సారాంశం. విచిత్రం ఏమిటంటే, గోయా 1814లో వేసిన ఆ చిత్రాన్ని చూస్తే అందులోని మనిషి చేతులు పైకే ఎత్తి ఉంటాయి. తరువాతి సంవత్సరాలలో హోల్టమ్ తన గుర్తును తలకిందులు చేయాలని, చేతులు పైకెత్తిన ఆశాసూచకంగా మార్చాలని కోరుకున్నాడు; అలా తిప్పితే సెమాఫోర్‌లో అది "యు" అక్షరం, అంటే "యునిలేటరల్" అన్న మాట మొదటి అక్షరం అవుతుంది, ఇతరుల కోసం ఎదురుచూడకుండా మన అంతట మనమే ఆయుధాలు వదలడం అన్న అర్థం వస్తుంది. అప్పటికే లోకం ఆయన మొదటి రూపాన్నే తనది చేసుకుంది. నిరాశలో పుట్టిన భంగిమ లోకమంతటికీ ధైర్యచిహ్నంగా చెలామణీ కావడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించే ఘట్టం.

ఎరిక్ ఆస్టిన్ అనే ఆయన మొదటి బ్యాడ్జీలను మట్టితో చేసి కాల్చాడు. అణుయుద్ధం వస్తే మనిషి చేసిన వస్తువులలో మిగిలే కొద్దిపాటి వాటిలో ఈ కాల్చిన మట్టి బిళ్ళలు కూడా ఉంటాయని రాసిన చీటీతో వాటిని పంచారు. 1960లో షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి ఫిలిప్ ఆల్ట్‌బాక్ ఇంగ్లండు నుండి బ్యాడ్జీలు తీసుకువెళ్ళి అక్కడి విద్యార్థి శాంతి సంఘం చేత ఆ గుర్తును స్వీకరింపజేశాడు. అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు బయార్డ్ రస్టిన్ ఆల్డర్‌మాస్టన్ యాత్రలోనే పాల్గొన్నాడు. ఈ గుర్తుకు ఎవరూ హక్కులు నమోదు చేయించుకోలేదు. ఎవరైనా, ఎక్కడైనా రుసుము లేకుండా వాడుకోగలిగిన గుర్తు కాబట్టే అంత త్వరగా సముద్రాలు దాటింది.

ఇప్పుడు మీ స్టాంపు సంగతి. అది "సెలబ్రేట్ ది సెంచరీ" అన్న వరుసలోనిది. ఇరవయ్యవ శతాబ్దంలోని ఒక్కొక్క దశాబ్దానికి ఒక షీటు, ఒక్కొక్క షీటులో పదిహేను స్టాంపులు చొప్పున పది షీట్లు 1998 నుండి 2000 మధ్య విడుదలయ్యాయి. మీది 1960ల షీటులోనిది, స్టాంపుల జాబితా అయిన స్కాట్ కేటలాగులో దాని సంఖ్య 3188ఎం. 1940ల వరకు దశాబ్దాల విషయాలను తపాలా శాఖ సలహా సంఘం ఎంపిక చేయగా, 1950ల నుండి మాత్రం శాఖ ఇచ్చిన జాబితాలో నుండి ప్రజలే ఓటు వేసి ఎన్నుకున్నారు. ఈ విషయాన్ని మీ పేజీ మీద తప్పకుండా రాయించండి. స్టాంపు అనేది ప్రభుత్వం తన పేరుతో వేసే ముద్ర. ఈ గుర్తేమో ప్రభుత్వాల బాంబులకు ఎదురు నిలిచిన జనం మోసుకు నడిచినది. వేల సంఖ్యలో అణ్వాయుధాలున్న దేశపు స్టాంపు మీదికి అది ఎక్కగలిగిందంటే, ఆ ఎంపికలో సాధారణ పౌరుల చేయి ఉండటం ఒక ముఖ్య కారణమని నేను భావిస్తున్నాను. అదే షీటులో వియత్నాం యుద్ధానికి ఒక స్టాంపు, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగానికి ఒక స్టాంపు ఉన్నాయి. దొరికితే పూర్తి షీటునే పెట్టండి, విడి స్టాంపుతో ఆ పొరుగు సంబంధం తెలియదు.

దానికి ఎదురుగా పెట్టదగిన స్టాంపు మరొకటి ఉంది. ఈ గుర్తు పుట్టడానికి మూడేళ్ళ ముందే, 1955 జులై 28న, అమెరికా "ఆటమ్స్ ఫర్ పీస్" పేరుతో 3 సెంట్ల స్టాంపు విడుదల చేసింది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1953 డిసెంబరులో ఐక్యరాజ్య సమితిలో చేసిన ప్రసంగం నుండి తీసుకున్న మాటలు దాని అంచుల చుట్టూ ఉంటాయి. అణుశక్తిని శాంతికి వాడుదామన్న ప్రభుత్వపు మాట ఒక వైపు, అణ్వాయుధమే వద్దన్న జనం మాట మరొక వైపు ఒకే పేజీ మీద నిలిస్తే పిల్లలు విడిగా వ్యాఖ్య రాయవలసిన పని ఉండదు.

సమాధానం: గోదావరి ఫిలాటెలిస్ట్

పైన తపాలాప్రియ గారు చెప్పిన తరువాత ఆ గుర్తు గురించి నేను చేర్చవలసింది లేదు. పావురం గురించి మాత్రం కొంత జాగ్రత్త చెప్పదలచుకున్నాను, ఎందుకంటే థీమాటిక్ ప్రదర్శనలలో, అంటే ఒకే అంశం మీద కూర్చిన స్టాంపుల ప్రదర్శనలలో, న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించేది తరచుగా ఇక్కడే.

పావురం ఉన్న స్టాంపు అంతా శాంతి స్టాంపు కాదు. అందుకు తిరుగులేని ఉదాహరణ స్విట్జర్లాండులోని బాసెల్ నగరం 1845 జులై 1న విడుదల చేసిన రెండున్నర రాపెన్ల స్టాంపు. మెల్కియోర్ బెర్రీ అనే వాస్తుశిల్పి రూపొందించిన ఆ స్టాంపు మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తిన తెల్లని పావురం ముక్కున ఉత్తరం కరచుకుని ఉంటుంది. లోకంలో మూడు రంగులలో అచ్చయిన మొదటి స్టాంపు అదే, ఫిలాటెలిస్టులందరూ "బాసెల్ డవ్" అని గౌరవంగా పిలుచుకునేది అదే. ఆ పావురం తపాలా మోసే పావురం, అంతే. అసలు స్టాంపు సామాన్యులకు అందనంత ఖరీదు. దాని బొమ్మ ఉన్న తరువాతి స్మారక స్టాంపు మీకు దొరికినా శాంతి ఫ్రేములో పెట్టకండి.

శాంతి పావురానికి మూలం బైబిలు ఆదికాండంలోని నోవహు కథ. జలప్రళయం తగ్గుముఖం పట్టిందో లేదో చూడమని వదిలిన పావురం ఆలివ్ ఆకు నోట కరచుకుని తిరిగి వస్తుంది. ఆలివ్ కొమ్మ మాత్రం అంతకు వేరుగా గ్రీకు, రోమన్ సంప్రదాయంలో శాంతి దేవత చేతిలో ఉండేది. రోమన్ నాణేల మీద పాక్స్ దేవత ఆ కొమ్మను పట్టుకునే కనిపిస్తుంది. 1932లో ఫ్రాన్సు మొదలుపెట్టిన "పే" (ఫ్రెంచిలో శాంతి) రకం స్టాంపుల మీద ఆలివ్ కొమ్మ పట్టుకున్న స్త్రీ ఆ పాత దేవతకు వారసురాలే. ఐక్యరాజ్య సమితి 1946 డిసెంబరు 7న ఆమోదించిన ముద్రలో ఉత్తర ధ్రువం వైపు నుండి చూసిన ప్రపంచ పటాన్ని చుట్టి ఉన్న రెండు కొమ్మలూ ఆలివ్ కొమ్మలే. బ్రిటన్ 1946 జూన్ 11న విడుదల చేసిన 3 పెన్నీల స్టాంపు మీద పావురంతో పాటు ఇటుకలు, తాపీ కూడా ఉంటాయి. యుద్ధం ముగిసింది, ఇక కట్టుకోవలసిన పని ఉన్నది అన్న ఆ ఆలోచన నాకు ఎంతో ఇష్టం. అదే సంవత్సరం మొదట్లో బ్రిటిష్ పాలనలోని మన దేశం విడుదల చేసిన "విక్టరీ" స్టాంపుల మీద ఉన్నది రాజుగారి తల. ఆ రెండింటినీ పక్కపక్కన చూపించవచ్చు.

ఇరవయ్యవ శతాబ్దపు పావురం పాబ్లో పికాసోది. 1949 ఏప్రిల్‌లో పారిస్‌లో జరిగిన ప్రపంచ శాంతి మహాసభ ప్రకటన కోసం, ఆయన ఆ జనవరిలో చేసిన లిథోగ్రాఫును (రాతి అచ్చు చిత్రాన్ని) కవి లూయీ ఆరగాన్ ఎంపిక చేశాడు. ఆ బొమ్మలోని పక్షి తోటి చిత్రకారుడు మతీస్ ఇచ్చిన పెంపుడు పావురం. మహాసభ రోజుల్లోనే పుట్టిన తన కుమార్తెకు పికాసో పలోమా అని, స్పానిష్‌లో పావురం అని, పేరు పెట్టుకున్నాడు. చైనా 1950 ఆగస్టులో ప్రపంచ శాంతి ఉద్యమానికి మద్దతుగా విడుదల చేసిన స్టాంపుల మీద ఉన్నది ఈ పావురమే. తూర్పు ఐరోపా దేశాలు కూడా ఆ కాలంలో దాన్ని విరివిగా ముద్రించాయి. పశ్చిమ దేశాలలో దాన్ని కమ్యూనిస్టుల పావురంగా చూసినవారు ఉన్నారు. ఫ్రాన్సులో 1950లో ఆ పావురాన్నే యుద్ధ ట్యాంకుగా మార్చి గీసిన వాల్‌పోస్టరు గోడలకెక్కింది. ఏ శాంతి చిహ్నమూ వివాదం లేకుండా బతకలేదని మీ పిల్లలకు చెప్పడం మంచిది, లేకపోతే ఫ్రేము అంతా శుభాకాంక్షల కార్డులా తయారవుతుంది.

ఒక చిన్న పక్కమాట. మన కథలలో పావురం మరో రూపంలో ఉన్నది. డేగ తరమగా శరణు వేడిన పావురం కోసం తన దేహమాంసాన్ని కోసి తూచిన శిబి చక్రవర్తి కథ మహాభారతంలోనూ ఉంది, బౌద్ధ జాతకాలలోనూ ఉంది. నాగార్జునకొండ శిల్పాలలో కూడా చెక్కారు. అక్కడ పావురం శాంతికి గుర్తు కాదు, కాపాడవలసిన ప్రాణి. ఆ తేడాను చెరిపేసి శిబి పావురాన్ని నోవహు పావురంతో కలపవద్దని నా మనవి.

పెన్నాతీరం మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. విరిగిన శిలువ సందేహం పూర్తిగా తీరింది. బాసెల్ పావురం బొమ్మ ఉన్న ఒక స్టాంపును పిల్లలు ఇప్పటికే మొదటి పేజీలో పెట్టారు, దాన్ని తీయిస్తాను. వారిలో ఒక అమ్మాయి కాగితపు కొంగలు కూడా ఉండాలని పట్టుబడుతున్నది. జపాను కొంగల కథ ఈ వరుసలో ఎక్కడ ఇముడుతుందో, భారతదేశం పేజీలో ఏమి పెట్టాలో ఎవరైనా చెప్పగలరా?

సమాధానం: శాసనాల దారి

మాస్టారూ, ఆ అమ్మాయి పట్టుదల సమంజసమైనది. హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు సడాకో ససాకి రెండేళ్ళ పిల్ల. పన్నెండేళ్ళ వయసులో ల్యుకేమియాతో (రక్త క్యాన్సరుతో) ఆసుపత్రిలో ఉండగా, వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్న జపాను నమ్మకంతో కాగితపు కొంగలు మడిచింది. 1955 అక్టోబరు 25న కన్నుమూసింది. ఆమె తోటి విద్యార్థులు మొదలుపెట్టిన చందాలతో నిర్మించిన బాలల శాంతి స్మారకాన్ని హిరోషిమాలో 1958 మే 5న ఆవిష్కరించారు. తేదీ చూడండి: ఆల్డర్‌మాస్టన్ యాత్ర ముగిసి నెల తిరగక ముందే. ఒకే వసంతంలో, భూగోళానికి అటొకటి ఇటొకటిగా, ఒకే బాంబుకు వ్యతిరేకంగా రెండు చిహ్నాలు జనంలోకి వచ్చాయి. కాబట్టి కొంగల పేజీ హోల్టమ్ గుర్తు పేజీ పక్కనే ఉండాలి.

ఇక భారతదేశం. మీరు ఒక్క పేజీ అన్నారు కాని, నా ఉద్దేశంలో మన దేశం ఈ కథలో చివర అతికించవలసిన అనుబంధం కాదు, హోల్టమ్ గుర్తు పుట్టిన ఇంటి పునాదిలోనే ఉన్నది. తపాలాప్రియ గారు ప్రస్తావించిన హ్యూ బ్రాక్, ఆయన మిత్రులు కొందరు 1950ల మొదట్లో లండన్‌లో ఒక చిన్న బృందంగా ఏర్పడి, తమ కార్యక్రమానికి "ఆపరేషన్ గాంధీ" అని పేరు పెట్టుకున్నారు. 1952 జనవరిలో లండన్‌లో యుద్ధశాఖ కార్యాలయం ఎదుట బైఠాయించి అరెస్టయ్యారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో, అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని ఆల్డర్‌మాస్టన్‌కు వెళ్ళి నిరసన తెలిపారు. ఆరేళ్ళ తరువాత పెద్ద యాత్రను తలపెట్టిన డైరెక్ట్ యాక్షన్ కమిటీ ఈ ఆలోచనలలో పెరిగినదే. ఆ యాత్రలో నడిచిన బయార్డ్ రస్టిన్ కూడా 1948లో మన దేశానికి వచ్చి గాంధేయ పద్ధతులను దగ్గరగా చూసి వెళ్ళినవాడు. నిరసనకారులు ఆయుధం లేకుండా, రోజుల తరబడి కాలినడకన, దారి పొడవునా జనాన్ని కలుపుకుంటూ ప్రభుత్వపు గుమ్మం వరకు వెళ్ళడం అన్న పద్ధతిని వింటే మనకు 1930 నాటి దండి యాత్ర గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. దండి యాత్ర స్వర్ణోత్సవానికి 1980లో మన తపాలా శాఖ విడుదల చేసిన జంట స్టాంపులు మీకు సులభంగా, తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిని హోల్టమ్ గుర్తుకు ముందు పేజీలో పెట్టండి.

గాంధీజీ మొదటి స్టాంపులు 1948 ఆగస్టు 15న వచ్చాయి. ఒకటిన్నర, మూడున్నర, పన్నెండు అణాలు, పది రూపాయల విలువలలో నాలుగింటిని స్విట్జర్లాండులోని కూర్వాజియే సంస్థ ముద్రించింది; వాటి మీద "బాపూ" అన్న పిలుపు హిందీ, ఉర్దూ లిపులలో ఉంటుంది. మత కలహాలలో మునిగిన దేశాన్ని శాంతింపజేయబోయి ప్రాణాలిచ్చిన మనిషి స్టాంపు మీద ఆ రెండు లిపులూ పక్కపక్కన ఉండటం ఎంత ఆలోచించి చేసిన పనో పిల్లలకు వివరించండి. పది రూపాయల స్టాంపు మీ బడ్జెట్టుకు అందదు, మొదటి రెండు చాలు.

దానికి ముందు, 1947 డిసెంబరు 15న, సారనాథ్ సింహ శీర్షంతో ఒకటిన్నర అణా స్టాంపు వచ్చింది. దీన్ని రాజముద్రగా మాత్రమే చూసి చాలామంది శాంతి వరుసలో చేర్చరు. నేను చేర్చాలంటాను, అందులో మన తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉన్నది కూడా. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని, దానికి తాను పశ్చాత్తాపపడుతున్నానని అశోకుడు చెప్పుకున్నది పదమూడవ శిలాశాసనంలో. ఆ శాసనం కళింగలోని ధౌళి, జౌగడలలో కనిపించదు. ఓడిన ప్రజల ఎదుట ఆ మాటలు చెక్కించకుండా అక్కడ వేరే శాసనాలు వేయించాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద మాత్రం పద్నాలుగు శాసనాలలో ఒకటిగా అదీ ఉంది. గెలిచిన రాజు తన గెలుపునకు దుఃఖించిన మాటలు మన జిల్లాల బండల మీద ఉన్నాయని తెలిస్తే, స్టాంపు మీది సింహాలను మీ పిల్లలు వేరే కళ్ళతో చూస్తారు. మీరు పెన్నా ప్రాంతం వారు కాబట్టి వీలైతే ఒకసారి వారిని తీసుకువెళ్ళి చూపించండి.

మరి రెండు సంగతులు క్లుప్తంగా. 1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా చేసిన హైడ్రోజన్ బాంబు పరీక్ష ధూళి జపాను జాలరుల మీద పడిన తరువాత, ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో అణు పరీక్షలను నిలిపివేయాలని కోరాడు. ఆ అక్టోబరు 24న విడుదలైన ఐక్యరాజ్య సమితి దినోత్సవపు రెండు అణాల స్టాంపును ఆ నేపథ్యంతో చూపించవచ్చు. రెండవది, కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడిన రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్. యుద్ధకాలంలో గుళ్ళు, గ్రంథాలయాలు, మ్యూజియంలను కాపాడటానికి తెల్లని గుడ్డ మీద ఎర్రని వృత్తంలో మూడు ఎర్రని చుక్కలతో శాంతి పతాకాన్ని ఆయన ప్రతిపాదించాడు. దానికి సంబంధించిన ఒప్పందం మీద 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండాల దేశాలు సంతకాలు చేశాయి. ఆయన శతజయంతికి 1974లో మన దేశం స్టాంపు విడుదల చేసింది.

సమాధానం: తపాలాప్రియ

శాసనాల దారి గారు చెప్పిన "ఆపరేషన్ గాంధీ" సంగతితో మీ ఫ్రేముకు వెన్నెముక దొరికిందని నాకు అనిపిస్తున్నది. దేశాల వారీగా పేజీలు విడదీసే ఆలోచన ఉంటే మానుకోండి. అశోకుడి సింహ శీర్షం, ఆలివ్ కొమ్మ, పావురాలతో మొదలుపెట్టి, దండి యాత్ర, గాంధీజీ, పికాసో, ఆటమ్స్ ఫర్ పీస్, హోల్టమ్ గుర్తు, కొంగలు అన్న వరుసలో కాలక్రమంగా నడపండి. ఆ వరుసలో చివరికి చేర్చవలసిన స్టాంపు ఒకటి బ్రిటన్‌లోనే ఉంది. 1969 ఆగస్టు 13న గాంధీజీ శతజయంతికి ఆ దేశం ఒక షిల్లింగు ఆరు పెన్నీల స్టాంపు విడుదల చేసింది. దాన్ని రూపొందించినవారు భారతదేశంలో పుట్టిన చిత్రకారుడు బిమన్ మల్లిక్. విదేశీ నాయకుడిని బ్రిటన్ తన స్టాంపు మీద గౌరవించడం అదే మొదటిసారి. గాంధీజీని జైళ్ళలో పెట్టిన ప్రభుత్వపు తపాలా శాఖ, ఆయన పేరుతో తన యుద్ధశాఖ గుమ్మం ముందు కొందరు బైఠాయించిన పదిహేడేళ్ళకు, ఆయన స్టాంపు వేసింది. ధర కూడా స్వల్పమే.

పేజీల తయారీ గురించి రెండు మాటలు. థీమాటిక్ విభాగంలో స్టాంపులు, కవర్లు, తపాలా ముద్రలు, పోస్టల్ స్టేషనరీ వంటి తపాలా సామగ్రికే మార్కులు. మామూలు పిక్చర్ పోస్టుకార్డులు, బ్యాడ్జీల ఫొటోలు, పిల్లలు మడిచిన కాగితపు కొంగలు పేజీకి అందం తెచ్చినా లెక్కకు రావు. తపాలా ముద్రలలో 1956 నాటి అమెరికా "ప్రే ఫర్ పీస్" ముద్ర ఉన్న కవరు చవకగా దొరుకుతుంది, ఒకటి సంపాదించండి. మీ 1999 స్టాంపు వెనుక భాగంలో గుర్తు చరిత్ర గురించి చిన్న వివరణ అచ్చయి ఉంటుంది కాబట్టి దానికి హింజ్ (స్టాంపును పేజీకి అంటించే జిగురు కాగితపు ముక్క) అంటించకండి, పారదర్శకమైన మౌంటులో పెట్టండి. వెనుక వైపు కూడా చూపించాలనుకుంటే, అసలు స్టాంపు పరిమాణానికి స్పష్టంగా తేడా తెలిసేలా పెద్దది చేసిన నకలును పక్కన పెట్టి, కింద నకలు అని రాయించండి.